మూడో వాటా

ఆ రోజు ఉదయం ఆరుంబావుకి మందాకిని నాలుక కింద ఉప్పు తగల్లేదు.

పాలు పొయ్యి మీద పెట్టి, వంటింటి గోడకున్న క్యాలెండరు ముందు పెన్సిలు పట్టుకుని నిలబడింది. పదకొండేళ్ళుగా రోజూ ఆ వేళకి తగిలేది. నాగపూర్‌లో అన్నయ్య చలపతి నిద్ర లేచి, కాఫీ గ్లాసుతో బాల్కనీలో కూర్చుని అమ్మని తలుచుకునే వేళ అది. అక్కడ అతను తలుచుకుంటే ఇక్కడ కాకినాడలో ఈమె నాలుక కింద ఎవరో రాతి ఉప్పు పలుకు పెట్టినట్టయ్యేది. వెంటనే ఆ తారీఖు గడిలో ఒక చుక్క పెట్టేది. అన్నయ్య ఏం తలుచుకున్నాడో ఆమెకి తెలిసేది కాదు. తలుచుకున్నాడని మాత్రం తెలిసేది.

ఆరున్నరయింది. పాలు పొంగి పొయ్యంతా పారాయి. ఏడు కావస్తుండగా ఫోను మోగింది. అన్నయ్య కూతురు ఇందుమతి.

"అత్తా..." అంది.

"ఎప్పుడమ్మా?" అంది మందాకిని.

"నిద్దట్లోనే అయిపోయింది. తెల్లారి లేపబోతే... నీకెవరు చెప్పారత్తా?"

ఎవరూ చెప్పలేదు. మందాకిని పెన్సిలు క్యాలెండరు మేకుకి తగిలించి, నాగపూర్ రైలు ఎన్నింటికో చూడ్డానికి వెళ్ళింది.

*

మందాకిని ఉద్యోగం డిస్కులతో. కాకినాడ తీరంలో సముద్రపు ఆటుపోట్లు కొలిచే కేంద్రం ఒకటుంది. నీళ్ళ మీద తేలే యంత్రాలు పంపే కొలతలన్నీ దాచే సర్వర్లు ఆమె చేతి కింద ఉండేవి. కొలతలు పోకూడదు, అడిగిన వెంటనే రావాలి. అందుకని మూడు డిస్కుల్ని ఒక జట్టుగా కట్టేది. పైనున్న సాఫ్ట్‌వేరుకి ఆ మూడూ కలిసి ఒకే డిస్కు. కొలతల్ని ముక్కలు చేసి, ఒక ముక్క మొదటిదాంట్లో, దాని పక్క ముక్క రెండోదాంట్లో రాస్తుంది. రెండూ ఒకేసారి చదువుతాయి కాబట్టి వేగం. మూడోదాంట్లో ఆ రెండు ముక్కల కూడిక మాత్రమే ఉంటుంది.

ఆ పద్ధతినే అమ్మకి వాడదామన్నది మందాకినే.

అప్పటికి అమ్మ సీతారత్నమ్మ చాలా మర్చిపోయింది. స్టవ్ వెలిగించడం మర్చిపోయింది, నాన్న పోయాడన్న సంగతి మర్చిపోయి రెండో కంచం పెట్టేది. వాకలపూడి దగ్గర డాక్టర్ షరీఫ్ ఒక ప్రయోగశాల నడుపుతున్నారని తెలిసి ముగ్గురు పిల్లలూ ఆవిణ్ణి తీసుకెళ్ళారు. ఒక మనిషి జ్ఞాపకాల్ని తీయడం ఆయన కనిపెట్టారు. కానీ అవి యంత్రాల్లో బతకలేదు, ఇంకో మనిషి తలలోనే బతికాయి. చెవి వెనక చర్మం కింద చింతగింజంత పరికరం పెడితే, దాని ద్వారా జ్ఞాపకాలు వచ్చి చేరతాయి. ఎంత దూరానున్నా ఆ గింజలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

"ఒక తల ఇంకో మనిషిని పూర్తిగా మొయ్యలేదండి. సగం మొయ్యగలదు" అన్నారు షరీఫ్.

"అయితే అమ్మ సగం నాకు, సగం భ్రమరకి. మరి నీకో?" అన్నాడు చలపతి.

"నాకు కూడిక" అంది మందాకిని.

"అంటే?"

"నీ దగ్గర ఐదుంది. అక్క దగ్గర మూడుంది. నా దగ్గర ఎనిమిది రాసి ఉంటుంది. రేపు నీ ఐదు పోయిందనుకో, నా ఎనిమిదిలోంచి అక్క మూడు తీసేస్తే నీ ఐదు మళ్ళీ దొరుకుతుంది. ముగ్గురిలో ఏ ఒక్కరిది పోయినా అమ్మ పోదు."

"అమ్మో, అయితే దీని దగ్గరే ఎక్కువుందిరా అన్నయ్యా! గడుసుదే" అని అక్క భ్రమరాంబ నవ్వింది.

మందాకిని కూడా నవ్వింది. ఎనిమిది చూసినంత మాత్రాన లోపల ఐదూ మూడూ ఉన్నాయో, ఆరూ రెండూ ఉన్నాయో ఎవరికీ తెలియదని ఆమె చెప్పలేదు.

ముగ్గురినీ జట్టు కట్టేటప్పుడు ప్రయోగశాల కంప్యూటరు మందాకినిని ఒక ప్రశ్న అడిగింది. కూడిక ఎప్పుడూ ఒక్కరి దగ్గరే ఉండాలా, ముగ్గురి దగ్గరా వంతులవారీగా తిరగాలా? వంతులైతే ముగ్గురికీ కాస్త అమ్మ, కాస్త కూడిక వస్తాయి. ఆఫీసులో కొత్త సర్వర్లన్నిటికీ ఆమె వంతులే పెట్టేది. కానీ ఆ రోజు వేళ్ళు ఆగిపోయాయి. నాన్న పోయిన పన్నెండో రోజున అమ్మ ఇంటినిండా ఉన్న చుట్టాల ముందు అన్న మాట గుర్తొచ్చింది. "నన్ను మాత్రం వంతులెయ్యకండ్రా. నెలకో గుమ్మం ఎక్కలేను." ఆ మాట మీదే మందాకిని అమ్మని తన దగ్గర పెట్టుకుంది. పెళ్ళీ లేదు, బదిలీలూ లేవు. పదేళ్ళు పెట్టుకుంది. ఇప్పుడు అమ్మని మళ్ళీ వంతులెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఒక్కరి దగ్గరే అని నొక్కింది. ఆ ఒక్కరి పేరు దగ్గర తన పేరు రాసింది.

తర్వాత ఆరు నెలలకి అమ్మ పోయింది. ఏడాదికోసారి సంవత్సరీకం నాడు ముగ్గురూ షరీఫ్ గారి ప్రయోగశాలలో కూర్చుంటే, రెండు వాటాలూ కలిసి గంటసేపు అమ్మ మాట్లాడేది. గొంతు వినపడేది కాదు, మాటలు తెర మీద అక్షరాలుగా పడేవి. అడిగిన వెంటనే, తడుముకోకుండా, కొంటెగా. అన్నయ్య తన చిన్నప్పటివి అడిగేవాడు. అక్క పులుసుల గురించి అడిగేది, తగువు కూడా పడేది. మందాకిని కీబోర్డు ముందు కూర్చుని అంతా సవ్యంగా నడుస్తోందో లేదో చూసుకునేది. ఒక్కసారీ ఏమీ అడగలేదు. ఆమెని అడగమని కూడా ఎవరూ అనలేదు. పదేళ్ళు దగ్గరున్నది, ఆపైన ఎనిమిది ఉన్నది, ఇంకేం అడుగుతుంది?

ఆమె ఒక్కచోట పొరపడింది. డిస్కుని ఎన్నిసార్లు చదివినా అందులో ఉన్నది మారదు. మనిషి తల అలాంటిది కాదు. తలుచుకున్న ప్రతిసారీ జ్ఞాపకం ఇసుమంత మారుతుంది. మారిన ప్రతిసారీ కూడిక తిరిగి రాయాలి. అన్నయ్య ఉదయం తలుచుకుంటే ఒకసారి, అక్క మధ్యాహ్నం తలుచుకుంటే ఒకసారి, ఏళ్ళ తరబడి మందాకిని తలలోనే ఆ రాత పడుతూ వచ్చింది. ఆ రాతకి చోటు కోసం అమ్మ గురించి ఆమెకున్న సొంత జ్ఞాపకాలు ఒక్కొక్కటే అరిగిపోయాయి. అమ్మకి పదేళ్ళు వీపు తుడిచిన చేతులకి ఆ వీపు మీద పుట్టుమచ్చ ఎటువైపుండేదో గుర్తు లేకుండా పోయింది. ఆఖరికి గొంతు కూడా పోయింది. మిగిలింది గోడ మీది ఫొటో, నాలుక కింద ఉప్పు.

*

నాగపూర్ నుంచి తిరిగొచ్చి ఆఫీసులో చేరిన మొదటి రోజు. పాత సర్వర్లో మూడో డిస్కు పోయింది. ఆ పాతదాంట్లో ఎప్పుడూ మూడోదే పోయేది. మందాకిని దాన్ని బయటికి లాగి, వెచ్చగా ఉన్న దాన్ని చేతిలో పట్టుకుని ఉండగా నాలుక కింద ఉప్పు తగిలింది. నాలుగు గంటలు. రాజమండ్రిలో అక్క తలుచుకుంటోంది.

ఈసారి ఉప్పు వెనకే గంజి వాసన వచ్చింది.

"గట్టిగా పట్టుకోవే. అంచులు కలవాలి. ఇంకొంచెం వెనక్కెళ్ళు. ఆఁ, ఇప్పుడు లాగు."

అమ్మ. డాబా మీద ఎండిన చీర ఒక కొస పట్టుకుని, రెండో కొస భ్రమరకి ఇచ్చి, మడత పెట్టడానికి లాగుతోంది. ఎండకి కళ్ళు చిట్లించింది. గంజి పెట్టిన గుడ్డ ఫట్‌మని మోగింది. చీర మడతతో పాటు అమ్మ ముందుకి వచ్చి, కూతురి చేతిలో కొస తన చేతిలోకి తీసుకుంది. అంతే.

మందాకిని సర్వర్ గదిలో నేల మీద కూర్చుండిపోయింది. ఒంటరిగా చీర మడతపెట్టాలంటే తను ఒక కొస తలుపు గడియకి కట్టుకుంటుంది. ఆ సంగతి తలుచుకుని ఎంతసేపు ఏడ్చిందో తెలియదు.

కాసేపటికి ఎందుకిలా అయిందో అర్థమైంది. జట్టులో ఒక డిస్కు పోతే మిగతావి ఆగిపోవు. పోయినదాని ముక్క కావలసి వచ్చినప్పుడల్లా, ఉన్న ముక్కని తెచ్చి కూడికలోంచి తీసేసి లెక్కగట్టుకుంటాయి. ఇప్పుడు అన్నయ్య వాటా లేదు. అందుకని అక్క తలుచుకుంటే అక్క ముక్క వచ్చి మందాకిని తలలో పడుతోంది. దాన్ని తీసేస్తే అన్నయ్య ముక్క బయటికొస్తోంది. రెండు ముక్కలూ కలిసే చోటు ఇప్పుడు తన తల. అన్నయ్య ఉన్నన్నాళ్ళూ మూగదై పడి ఉన్న వాటాకి, అతను పోయాక నోరొచ్చింది.

ఆ ఆలోచనకి ఆమెకి సిగ్గేసింది. కానీ ఇంటికెళ్ళగానే క్యాలెండర్లో ఆనాటి గడిలో చుక్క బదులు చిన్న అక్షరాలతో రాసుకుంది: "డాబా. గంజి చీర. అంచులు కలవాలి."

*

పెద్దకర్మ అయ్యాక ఇందుమతి కాకినాడ వచ్చింది. తండ్రి వాటా తను మోస్తానంది. అప్పుడే రాజమండ్రిలో భ్రమరాంబకి చెవి వెనక, గింజ పక్కనే గడ్డ లేచింది. ఆపరేషన్ పన్నెండు రోజుల్లో ఉంది, వాయిదా వెయ్యడానికి లేదన్నారు.

"ఆపరేషన్‌లో ఆవిడ వాటా దక్కుతుందని నేను చెప్పలేను" అన్నారు షరీఫ్. జుట్టంతా నెరిసిపోయింది ఆయనకి. "ఇప్పుడున్నవి రెండే వాటాలు. అందులో ఇంకొకటి పోతే అమ్మగారు లేనట్టే. ఇందుమతి గారికి చలపతి గారి వాటా కట్టడానికి రెండు రోజులు చాలు. రేపే మొదలుపెడదామా?"

రేపు మొదలుపెడితే ఎల్లుండికి అమ్మ మళ్ళీ మూగబోతుంది.

"నాకు కాస్త జ్వరంగా ఉందండి" అంది మందాకిని.

"జ్వరంలో వద్దు. తగ్గాకే రండి. కానీ మరీ ఆలస్యం చెయ్యకండి."

అలా అబద్ధమాడి ఇంట్లో పడుకుంది. ఇందుమతి మిరియాల చారు కాచి తెచ్చేది. నుదురు మీద చెయ్యి పెట్టి చూసేది.

"చల్లగానే ఉందత్తా."

"లోపలి జ్వరమమ్మా."

"నాన్న కూడా ఇంతే. థర్మామీటర్‌కి దొరకని రోగాలు మీ ఇంటివాళ్ళకి."

మందాకిని గోడవైపు తిరిగి పడుకునేది.

అన్నయ్య పోయిన దిగులు, ఆపరేషన్ భయం కలిసి అక్క ఆ రోజుల్లో అమ్మని తెగ తలుచుకుంది. ఉప్పు తగలడం, మందాకిని లేచి క్యాలెండరు దగ్గరికి పోవడం. అమ్మ పాలవాడితో పోట్లాడింది. అమ్మ పురుట్లో ఉన్న అక్కకి పథ్యం వడ్డిస్తూ చాటుగా ఆవకాయ బద్ద పెట్టింది. అమ్మ నాన్న చొక్కాకి బొత్తాం కుడుతూ, దారం పళ్ళతో తెంపింది. అన్నీ అమ్మ కళ్ళలోంచే కనిపించేవి.

ఏడో రోజు మధ్యాహ్నం వాన వచ్చింది. వీధి గేటు. అమ్మ చేతిలో మడత పెట్టిన తువ్వాలు. చూరు నీళ్ళు భుజమ్మీద పడుతున్నా కదలడం లేదు. "ఐదున్నర దాటింది. ఇంకా రాలేదేంటి ఇది" అనుకుంటోంది. ఎవరు రావాలో పేరు కోసం వెతుక్కుంది. పేరు దొరకలేదు. అయినా వెనక్కి వెళ్ళలేదు. అప్పుడు సందు చివర ఒక ఆడమనిషి కనిపించింది. నలభై ఏళ్ళుంటాయి, ఖాళీ టిఫిను సంచి తల మీద అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొస్తోంది. అమ్మ గుండెల్లో బరువు దిగింది. "వచ్చేసింది" అనుకుంది.

అమ్మ కళ్ళతో మందాకిని తనని తాను చూసుకుంది.

పేరు మర్చిపోయిన అమ్మ వేళ మర్చిపోలేదు. ఆ తువ్వాలుతో తల తుడిపించుకునే ఉంటుంది తను. విసుక్కునే ఉంటుంది, జలుబు చేస్తే ఎవరు చూస్తారని. ఏదీ గుర్తు లేదు.

ఎనిమిదో రోజు పొద్దున్నే అక్కకి ఫోన్ చేసింది.

"తగ్గిందా జ్వరం?" అంది భ్రమరాంబ.

"జ్వరం లేదక్కా. అబద్ధమాడాను."

"అదేంటే?"

"నా దగ్గర అమ్మ లేదు. పదకొండేళ్ళుగా లేదు. కూడికంటే ఏమీ లేనట్టే. మీరు తలుచుకున్నారని తెలిసేది, అంతే. నా సొంతానివి కూడా పోయాయి. అన్నయ్య పోయాకే మొదటిసారి విన్నాను. అది పోతుందని..."

"నీ మొహం తగలెయ్యా" అంది భ్రమరాంబ. "మేం ఏమనుకున్నామే? అంతా నీ దగ్గరే ఉంది, మాకు చెరో ముక్క పడేసింది అనుకున్నాం. నీకు ఒక్కనాడైనా ఫోన్ చేసి ఇదిగో ఇది గుర్తొచ్చిందే అని చెప్పానా నేను? దానికి తెలియందేముందిలే అనుకునేదాన్ని. నోరు విప్పి చెప్పి చావొచ్చు కదే!"

"వంతులు పెట్టుకోవచ్చక్కా. అప్పుడు నాకూ కొంత వస్తుంది. కానీ నీది మూడోవంతు తగ్గుతుంది. ఏది పోతుందో ఎంచుకోడానికుండదు."

"పోనీ. పెట్టు వంతులు."

"అమ్మ వంతులొద్దంది కదా."

"గుమ్మాలెక్కలేనని అంది. ఇప్పుడు మనమే కదా తనని ఎత్తుకుని తిరుగుతోంది? పెట్టవే, వెర్రిదానా. ఇవాళే వెళ్ళు."

ఇంత సులువుగా ఒప్పుకుంటుందని మందాకిని ఎన్నడూ అనుకోలేదు. ఇందుమతిని వెంటబెట్టుకుని ఆటోలో వాకలపూడి వెళ్ళింది.

షరీఫ్ అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వంతులకి మార్చాలంటే మూడు తలల్లో ఉన్నదంతా మొదటినుంచీ తిరగరాయాలి. తొమ్మిది, పది రోజులు. మధ్యలో ఆపితే ఏదీ మిగలదు. మనకున్నవి నాలుగు."

"ఆపరేషన్ తర్వాత?"

"రోజూ పడే చిన్న రాతలైతే ఆ చోటు తట్టుకుంటుంది. పది రోజుల తిరగరాత ఇక తట్టుకోలేదు." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మొదటి రోజే అడిగి ఉంటే సరిపోయేది మందాకిని గారూ."

ఆ లెక్క ఆమెకి తెలియనిది కాదు. తెలిసీ దారి పొడుగునా వెయ్యలేదు. అమ్మని తన దగ్గర ఉంచుకోవడానికి కావలసిన రోజులన్నిటినీ అమ్మని వింటూ ఖర్చుపెట్టేసింది.

"పాతపద్ధతే పెడదామండి" అంది.

"ఈ వారంలో విన్నవి కూడా నిలవవు. ఆ చోటంతా మళ్ళీ కూడికకే పోతుంది."

"రాసుకున్నానండి."

కంప్యూటరు పదకొండేళ్ళ కిందటి ప్రశ్నే అడిగింది. ఒక్కరి దగ్గరా, వంతులా? మందాకిని ఒక్కరి దగ్గరే అని నొక్కింది. పేరు మార్చలేదు.

రెండు రోజులూ పక్కపక్క మంచాల మీద పడుకున్నారు. రెండో రోజు సాయంత్రం ఇందుమతి ఉన్నట్టుండి లేచి కూర్చుంది. "అత్తా! మామ్మ! మామ్మ నవ్వుతోంది!" అంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. మందాకిని ఆ పిల్ల వీపు నిమిరింది. తన నాలుక కింద ఉప్పు తగిలింది. ఉత్త ఉప్పు.

*

ఇందుమతి నాగపూర్ వెళ్ళిపోయింది. పొద్దున్న ఆరుంబావుకి కాదు, ఎనిమిదింటికి తలుచుకుంటుంది ఆమె, ఆఫీసు బస్సులో కాబోలు. మందాకిని చుక్క పెడుతుంది. ఆపరేషన్ బాగానే జరిగిందని అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాటా దక్కిందో లేదో అప్పుడే తెలియదన్నారు. పది రోజులు రాజమండ్రి నుంచి ఏ ఉప్పూ రాలేదు.

పదకొండో రోజు ఆదివారం. మందాకిని చీర ఒక కొస తలుపు గడియకి కట్టి రెండో కొస లాగుతోంది. నాలుగు గంటలకి నాలుక కింద ఉప్పు తగిలింది. చీర వదిలేసింది. పెన్సిలు తీసుకునేలోపు ఫోను మోగింది.

"తగిలిందా?" అంది భ్రమరాంబ, నీరసంగా.

"తగిలిందక్కా."

"అయితే ఉన్నట్టే. ఇదిగో, ఏం గుర్తొచ్చిందో చెప్తాను విను. ఇక మీదట రోజూ చెప్తాను, విసుక్కోకు. వాన. అమ్మ వీధి గేటు దగ్గర నిలబడింది. చేతిలో తువ్వాలుంది. తడిసిపోతోంది కానీ లోపలికి పోదు. ఎన్నేళ్ళనుంచో నాకిదే వస్తుంది, ఇక్కడే ఆగిపోతుంది. మొన్నే అనుకున్నాను, నిన్నడగాలని. ఎవరి కోసమే అలా నిలబడింది?"

మందాకిని గుర్తు తెచ్చుకోబోయింది. ఏమీ లేదు. గేటు లేదు, వాన లేదు. క్యాలెండరు కాగితాలు వెనక్కి తిప్పింది. పోయిన నెల, ఆ గడిలో పట్టక అంచు మీదికి పాకిన తన అక్షరాలు. కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"నా కోసం" అంది.

"నిజంగా? నీకు గుర్తుందా?"

"రాసి ఉందక్కా" అంది మందాకిని.